స్పానిషుభాషలో సంభావనార్థక వర్తమానము

స్పానిషుభాషలో ‘కంత’ యనఁగా ‘పాడును’. తుదనున్న అకారమును ఎకారముగా మార్చి ‘కంతె’ యన్నచోఁ బాడవలెనని కోరుటయో, పాడునో లేదో యని సందేహించుటయో యగును. ‘బెందె’ యనఁగా ‘అమ్మును’. ఇచట మార్పు తలక్రిందు, ‘బెంద’ యనవలెను. ఒక గణమున నిశ్చయమును దెలుపు అచ్చే వేఱొక గణమున సంశయమును దెలుపుటకుఁ గారణమేమి?

కారణము లాటినుభాషయందుఁ గలదు. అందు ‘కంతత్, కంతెత్’ అనియు, ‘వెందిత్, వెందత్’ అనియు రూపములు. పదాంతతకారము కాలక్రమమున లోపించెను. ‘వెందిత్’ లోని ఇకారము ఎకారమయ్యెను. మూఁడవ గణమున ‘పర్తియత్’ అనుదాని నడిమి ఇకారముకూడఁ బోయి ‘పర్త’ యైనది. కాఁబట్టి స్పానిషువా రచ్చులను దాఱుమాఱు చేయలేదు. తాతలిచ్చిన సొత్తునే నిలుపుకొనిరి. ‘బీవ ఎల్ రేయ్’, అనఁగా ‘రాజు జీవించుఁగాక’ యను జయధ్వానములో నున్నదియు నీ రూపమే. ఈ ‘బీవ’ మన ‘జీవ’ధాతువునకు జ్ఞాతి. ఇఁక నీ రూపమునకు ముందు తఱచుగా వచ్చు ‘ఓహలా’ యను మాట ‘దేవుఁడు తలఁచినచో’ నను నరబ్బీవాక్యమునుండి పుట్టినది!

రూపముల చరిత్ర యింత తేట. పేరుల చరిత్ర యట్లు కాదు. 1492లో సాలమంకానగరమున ముద్రితమైన తన వ్యాకరణమున అంతోనియో దె నెబ్రిహా ఆశీరర్థకమును, సంభావనార్థకమును వేఱువేఱుగాఁ బరిగణించెను. గ్రీకుభాషలో నా రెంటికి వేఱు రూపములు గలవు. లాటినున లేవు, అయినను ప్రిస్కియను మొదలగువారు గ్రీకుల క్రమమునే పట్టి రెండు పేరులు పెట్టిరి. నెబ్రిహా వారి ననుసరించెను. మన పాణినీయమున దీనికి విపర్యయము: ‘భవేత్’, ‘భూయాత్’ అని రూపములు రెండు, లిఙ్ అను సంజ్ఞ యొక్కటి. నెబ్రిహా గ్రంథమునఁ బేరులు రెండు, రూపము లొక్కటియే. ముద్రితమైన మొదటి కాస్తీలీయ వ్యాకరణమును వ్రాసినవాఁడు పరిచితమైన చట్రము నాశ్రయించుట తప్పనరాదు. కాని యా చట్రము శతాబ్దములపాటు పాఠశాలల నేలినది.

1847లో చిలీదేశపు సాంతియాగోనగరమునఁ దన వ్యాకరణమును బ్రకటించిన ఆంద్రేస్ బేయో లాటిను కొలఁతను విడిచి స్పానిషువాక్యమునే పరీక్షించెను. ‘ఎఱుఁగుదును’ అను క్రియకు లోఁబడి వచ్చునది నిశ్చయార్థకము. ‘కోరుచున్నాను’, ‘సందేహించుచున్నాను’ అనువానికి లోఁబడునది సంభావనార్థకము. ఆశీరర్థక మను పేరును బేయోయు విడువలేదు. అయినను దఱచుగా సంభావనార్థకరూపములే యందుఁ జెల్లునని చెప్పెను. బడిపిల్లవాఁడు సైతము ‘సె కె కంత’, ‘దెసేఓ కె కంతె’ అని పలికి యీ భేదమును దన చెవితోఁ బరీక్షించుకొనవచ్చును.