పసిరికలకు పసరు

కళ్లు పచ్చబడితే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో పసిరికలు అంటారు. డాక్టర్ కంటే ముందు గుర్తొచ్చేవి పసరు, పత్యం. ఆ పసర్లలో పేరున్నది నేల ఉసిరి. వానలకు పొలం గట్ల మీద దానంతటదే మొలిచే చిన్న మొక్క.

మూఢనమ్మకమని తీసిపారేయడం తేలికే. సైన్స్ మాత్రం అలా తీసిపారేయలేదు. హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గ్, మద్రాసు శాస్త్రవేత్త ఎస్.పి. త్యాగరాజన్ బృందంతో కలిసి దీన్ని పరీక్షించారు. 1988లో లాన్సెట్‌లో ఫలితం అచ్చయింది: నేల ఉసిరి పొడి తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఆనవాలు కనబడలేదు. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో అలా జరిగింది ఒక్కరికే. ఎన్నో ఆశలు లేచాయి. కానీ 1990లో వెలువడిన థాయ్‌లాండ్ పరీక్షలో ఆ ఫలితం రాలేదు.

మరి ఊళ్లో అంతమందికి ఎట్లా తగ్గింది? పసిరికలు ఒక్క జబ్బు కాదు. పాడు నీళ్లతో వచ్చే ఎ, ఇ రకాలు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పేరు పసరుకొస్తుంది. రక్తం ద్వారా సోకే బి, సి అట్లా కాదు. కళ్లు తెల్లబడ్డాక కూడా ఏళ్లతరబడి లోపలే ఉండి కాలేయాన్ని గట్టిపరచగలవు.

2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద, ఎంపిక చేసిన సర్కారు దవాఖానల్లో ఈ రెండింటికీ పరీక్షలు, మాత్రలు ఉచితం. సోఫోస్‌బువిర్ లాంటి మందులతో సి దాదాపు అందరికీ నయమవుతుంది. టెనోఫోవిర్ బిని అదుపులో ఉంచుతుంది. పసరు మంచిదా కాదా అని వాదించుకునే ముందు, వచ్చినవి ఏ పసిరికలో రక్తపరీక్షతో తేల్చుకోవాలి.