ఒక్క రాత్రిలో చేరిన కొవ్వు కాదు

పోయిన ఎండాకాలం మా చిన్నాయనకు గుండెపోటు వచ్చింది. ఆయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు. మహదేవపురలో కంపెనీ బస్సు నడుపుతాడు. రక్తనాళంలో కొవ్వు పేరుకుందని డాక్టర్లు స్టెంట్ వేశారు. "నిన్నటిదాకా బాగుండె కదా, ఒక్క రాత్రిలో అంత కొవ్వు యాడ నుంచి వచ్చె?" అని మా అవ్వ ఏడ్చింది. ఆ ప్రశ్నకు జవాబు కోసం చరిత్ర వెతికాను.

1913లో రష్యాలో నికొలాయ్ అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్ట్రాల్ తినిపించాడు. వాటి రక్తనాళాల గోడల్లో కొవ్వు చేరింది. కానీ పారే రక్తంలోని కొవ్వు గోడలో ఎందుకు ఆగుతుంది?

గోడలో ప్రోటియోగ్లైకాన్లు అనే పదార్థాలు ఉంటాయి. సీసాలు కడిగే బ్రష్షును గుర్తు తెచ్చుకోండి. నడుమ ఊచ ప్రోటీన్ అనుకుంటే, చుట్టూ ఉన్న కుచ్చు చక్కెర గొలుసులు. ఇవి నీటిని పట్టి ఉంచి గోడకు బలమిస్తాయి. అంటే ఇవి మనకు కావలసినవే. కానీ ఆ గొలుసులకు రుణావేశం ఉంటుంది. కొవ్వును మోసే ఎల్‌డీఎల్ కణం మీద ధనావేశం ఉన్న చోట్లు ఉంటాయి. అందుకే రెండూ అతుక్కుంటాయి.

1970లలో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో జెరాల్డ్ బెరెన్సన్ బృందం మనుషుల రక్తనాళాల నుంచి ఈ గొలుసులు, కొవ్వు కణాలు కలిసి ఉన్న ముద్దలను వేరుచేసింది. ఆ పరిశోధకుల్లో శ్రీనివాసన్, భండారు రాధాకృష్ణమూర్తి అనే పేర్లు చూసి నాకు సంతోషమైంది. 1995లో విలియమ్స్, టాబాస్ అనే శాస్త్రవేత్తలు, ఇలా గోడలో కొవ్వు చిక్కుకోవడమే జబ్బుకు మొదలు అన్నారు. 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఎలుకలతో పరీక్షించారు. ప్రోటియోగ్లైకాన్లకు అతుక్కోలేని ఎల్‌డీఎల్ ఉన్న ఎలుకలకు జబ్బు బాగా తక్కువగా వచ్చింది.

బెరెన్సన్ బొగలూసా అనే ఊరి పిల్లలను కూడా ఏళ్ల తరబడి పరీక్షించాడు. ఇతర కారణాలతో చనిపోయిన 204 మంది చిన్నవాళ్ల, యువకుల రక్తనాళాలు చూసి 1998లో ఫలితాలు ప్రకటించారు. పిల్లల్లో కూడా కొవ్వు చారలు కనిపించాయి. బరువు, బీపీ, కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లలో అవి ఎక్కువ.

"అవ్వా, అది ఒక్క రాత్రిలో రాలేదు, ఏండ్ల నుంచి చేరింది" అని చెప్పాను. అవ్వ కాసేపు ఆగి "అయితే నీకో?" అంది. నా దగ్గర జవాబు లేదు. చిన్నాయన సిగరెట్ మానేశాడు. ఏడాదికి ఒకసారైనా మన బడిలో అందరికీ బీపీ, బరువు చూడాలని టీచర్లను, పెద్దలను కోరుతున్నాను.