విశాఖపట్నం ఉమ్మడి అగ్నిమాపక, అత్యవసర వైద్య సేవలు

ఇరుగుపొరుగు స్థానిక సంస్థలు అగ్నిమాపక, అంబులెన్సు సేవలను కలిసి నిర్వహించుకునే పద్ధతి అనేక దేశాలలో ఉంది. అమెరికాలో ఇందుకోసం ఉమ్మడి అగ్నిమాపక జిల్లాలు ఏర్పడగా, జపానులో పురపాలక సంఘాలు కూటములుగా ఏర్పడి ఈ పని చేస్తున్నాయి. విశాఖపట్నం ప్రాంతంలో ఇటువంటి ప్రత్యేక జిల్లాలు లేవు. ఇక్కడ ఈ సేవలను రాష్ట్ర ప్రభుత్వ వ్యవస్థలు, పరిశ్రమల సొంత దళాలు కలిసి అందిస్తున్నాయి.

చట్టపరమైన నేపథ్యం

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన 12వ షెడ్యూలులో అగ్నిమాపక సేవలను పురపాలక సంఘాలకు అప్పగించదగిన అంశంగా పేర్కొన్నారు. ముంబై వంటి నగరాలలో ఈ దళం నగరపాలక సంస్థ ఆధీనంలోనే ఉంది. ఆంధ్ర ప్రదేశ్‌లో మాత్రం ఇది రాష్ట్ర ప్రభుత్వ శాఖ. దీనికి 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం ఆధారం. అందువలన ఒక పట్టణపు శకటాన్ని పొరుగు పట్టణానికి పంపడానికి ఆ రెండు పురపాలక సంఘాల మధ్య ఒప్పందం అవసరం లేదు. 108 అంబులెన్సు సేవ కూడా 2005 ఆగస్టు 15న ప్రారంభమైననాటి నుండి పురపాలక సరిహద్దులతో నిమిత్తం లేకుండా పనిచేస్తోంది.

పరిశ్రమల దళాలు

విశాఖ ఉక్కు కర్మాగారంలో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి చెందిన అగ్నిమాపక విభాగం ఉంది. కర్మాగారపు నివాస ప్రాంతమైన ఉక్కునగరంలో సంస్థ సొంత ఆసుపత్రి ఉంది. ప్రమాదకర రసాయనాలను భారీగా నిల్వ చేసే పరిశ్రమలు తమ ఆవరణకు అత్యవసర ప్రణాళికను సిద్ధం చేసుకోవాలని 1989 నాటి నియమాలు నిర్దేశిస్తున్నాయి. ఆవరణ వెలుపలి ప్రణాళిక జిల్లా యంత్రాంగం బాధ్యత. 1996 నాటి నియమాలు జిల్లా, స్థానిక స్థాయిలలో సంక్షోభ నివారణ బృందాలను ఏర్పరచాలని పేర్కొన్నాయి.

ప్రమాదాలు

1997 సెప్టెంబరు 14న హిందుస్తాన్ పెట్రోలియం చమురుశుద్ధి కర్మాగారంలో జరిగిన పేలుడు, అగ్నిప్రమాదంలో సుమారు 60 మంది మరణించారు. 2020 మే 7 వేకువజామున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి వెలువడిన స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం ఇళ్ళలోకి వ్యాపించి 12 మంది మరణించారు, వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. కర్మాగారపు ప్రహరీ లోపలి ఏర్పాట్లు మాత్రమే చాలవని, చుట్టుపక్కల ప్రజలకు సకాలంలో హెచ్చరిక అందాలని ఈ ఘటన చాటింది.

సరిహద్దుల మార్పు

2005లో గాజువాక పురపాలక సంఘం విశాఖపట్నం నగరపాలక సంస్థలో విలీనమైనది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడడంతో పరవాడ, అచ్యుతాపురం పారిశ్రామిక ప్రాంతాలు ఆ జిల్లాలోకి వెళ్ళాయి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఒక ఔషధ పరిశ్రమలో జరిగిన ప్రమాదంలో 17 మంది మరణించగా, క్షతగాత్రులను అనకాపల్లి, విశాఖపట్నం ఆసుపత్రులకు తరలించారు. పాలనాపరంగా వేరైనప్పటికీ, అత్యవసర సేవల విషయంలో ఈ రెండు జిల్లాలు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉన్నాయి.