అష్టావక్రోపాఖ్యానము - బాలావమానవిచారము

వంకరశరీరము గల బాలుని "అష్టవంకరలవాఁ"డని తోడివిద్యార్థులు పరిహసించుట తెలుఁగునాట బడులలో నున్నదే. అట్టివాని నూఱడించుటకై యుపాధ్యాయులు తఱచుగా చెప్పు కథ యొకటి కలదు. అష్టావక్రుఁడు జనకుని సభ ప్రవేశింపఁగా పండితులందఱును వాని యొడలిని జూచి నవ్విరి. అతఁడు వారికంటె బిగ్గరగా నవ్వి, తోలును మాత్రమే పరీక్షించువారు చర్మకారులే కాని పండితులు కారని పలికెను. సభ తలవంచినది. ఈ కథ రుచికరమే. కాని దీనికి ప్రాచీనాధారము కలదా యనునది విచారణీయము.

అష్టావక్రోపాఖ్యానమునకు ప్రధానాకరము మహాభారతారణ్యపర్వము. తీర్థయాత్రాసందర్భమున శ్వేతకేతుని యాశ్రమమును జూపుచు లోమశుఁడు ధర్మరాజునకు దీనిని చెప్పెను. తెలుఁగున నిది నన్నయభట్టు రచించిన భాగములోనిది. సంస్కృతమూలమున చర్మకారప్రసంగము లేదు. సభాసదులు వికృతాంగములఁ జూచి నవ్విరనుటయు లేదు. అష్టావక్రగీతయు జ్ఞానముక్తివైరాగ్యములనుగూర్చిన జనకుని ప్రశ్నతోనే ప్రారంభమగుచున్నది కాని యీ సభాఘట్టముతోఁ గాదు. కావున నిది పిమ్మట నోటిమాటగా వ్యాపించిన కథ యనవలయును.

మూలమున కానవచ్చు నవమానములు వేఱు. అవి మూఁడు.

మొదటిది జన్మమునకు పూర్వమే జరిగినది. ఉద్దాలకుని శిష్యుఁడును అల్లుఁడును అగు కహోడుఁడు (తెలుఁగునాట నితనికి ఏకపాదుఁడను పేరును వాడుకలో నున్నది) రాత్రియెల్ల అధ్యయనము సాగించుచుండఁగా, సుజాతగర్భమున నున్న శిశువు పాఠము సరిగా సాగుట లేదని పలికెను. పుట్టకమునుపే గురువు తప్పు పట్టిన విద్యార్థి మఱియొకఁడు కానరాఁడు! శిష్యుల యెదుట చిన్నవోయిన తండ్రి, ఎనిమిదియెడల వక్రుఁడవు కమ్మని శపించెను. కావున నా వైకల్యమునకు మూలము శిశువు దోషము కాదు, గురువుగారి కోపము.

రెండవది తోడిబాలునివలన వచ్చినది. ధనార్థియై జనకునికడ కేఁగిన కహోడుఁడు వందియను వాదికి ఓడి నీట ముంపఁబడెను. ఈ సంగతి బాలునికి తెలియనీయలేదు. అతఁడు తాతనే తండ్రిగా, మేనమామయు సమవయస్కుఁడును అగు శ్వేతకేతునే సోదరునిగా నెంచుచు పెరిగెను. పండ్రెండవయేట నొకనాఁడు ఉద్దాలకుని యొడిలోఁ గూర్చుండియుండఁగా, శ్వేతకేతుఁడు వానిని చేయిపట్టి యీడ్చి, ఇది నీతండ్రి యొడి కాదనెను. బాలుఁ డేడ్చెను. ఇచ్చట పరిహాసమునకు గుఱియైనది వంకరశరీరము కాదు, తండ్రి లేమి.

తల్లివలన నిజము తెలిసికొన్న యష్టావక్రుఁడు పగ తీర్చుకొనఁ బూనలేదు. ఆ రాత్రియే తన్ను ఈడ్చిన శ్వేతకేతునిఁ బిలిచి, జనకుని యజ్ఞమునకుఁ బోదము, పండితుల వాదములు విందము, మంచి యన్నము భుజింతము అని చెప్పెను. వాదమునకును భోజనమునకును నొక్కయుత్సాహముతోనే బయలుదేఱిన యీ యిద్దఱు బాలుర ప్రయాణము గంభీరమగు నితిహాసమున నొక చిఱునవ్వువంటిది.

మూఁడవ యవమానము వాకిట నెదురయ్యెను. బాలురకు ప్రవేశము లేదు, వృద్ధులగు విద్వాంసులకే కలదని ద్వారపాలకుఁ డడ్డగించెను. తల నెరసినంతమాత్రమున పెద్దకాఁడనియు, బూరుగుకణుపు ఉబ్బినంతమాత్రమున వృద్ధి కాదనియు, పొట్టిచెట్టయినను ఫలించినదే పెరిగినదనియు బాలుఁడు బదులు చెప్పెను. ఇచ్చటను ఆక్షేపము వయస్సునుగూర్చియే.

పిమ్మట వందితోడి వాదము సంఖ్యాక్రమమున సాగినది. వంది బేసిసంఖ్యలను, బాలుఁడు సరిసంఖ్యలను గైకొని, ఆయాసంఖ్య గల పదార్థములను శ్లోకములఁ జెప్పిరి. పదుమూఁటికడ వంది సగము శ్లోకము చెప్పి నిలిచిపోయెను. తక్కిన సగమును అష్టావక్రుఁడే పూరించెను. వంది వరుణపుత్రుఁడనియు, మునిఁగినవారు వరుణుని యజ్ఞమునకుఁ బోయిరనియు అప్పుడు బయల్పడెను. తిరిగి వచ్చిన కహోడుఁడు, బలహీనునకు బలవంతుఁడును, మూఢునకు పండితుఁడును పుత్రుఁడగుట కలదని యొప్పుకొనెను. తండ్రి యానతిని సమంగానదిలో మునుఁగఁగా నతని యవయవములు సమములయ్యెనని కథాంతము.

ప్రాచీనగ్రంథాంతరములును ఇందుకు తోడుపడుచున్నవి. రామాయణయుద్ధకాండమున, విమానముపై వచ్చిన దశరథుఁడు, అష్టావక్రుఁడు కహోలుని తరింపఁజేసినట్లు నీవు నన్ను తరింపఁజేసితివని రామునితోఁ బలికెను. బృహదారణ్యకమున జనకుని యజ్ఞమందు యాజ్ఞవల్క్యునిఁ బ్రశ్నించి, సమాధానము విని యూరకుండినవారిలో కహోలుఁ డొకఁడు, ఉద్దాలకుఁ డొకఁడు. డకారలకారముల యభేదము పండితులకు తెలిసినదే. ఈ మౌనమే యితిహాసమున నోటమిగా పెరిగినదని యూహింపవచ్చును. ఇట్లు ప్రాచీనులు స్మరించినది తండ్రిని రక్షించిన పుత్రుని, వంకరయొడలిని కాదు.

శబ్దశాస్త్రమును ఒక విశేషమును జెప్పుచున్నది. పాణిని యాఱవయధ్యాయము మూఁడవపాదమున 125 వ సూత్రమువలన, సంజ్ఞయందు మాత్రమే అష్టశబ్దమునకు దీర్ఘము కలుగును. "అష్టవక్ర" మనుట వర్ణనము. "అష్టావక్రుఁ" డనుట పేరు. తెలుఁగున "అష్టవంకర" లనుమాటలో నా దీర్ఘము లేదు. పరిహసించువాఁడు వంకరలను లెక్కించును. శాస్త్రము మనుష్యుని పేరును గుర్తించును.

చర్మకారకథయందు మఱియొక దోషమును కలదు. అది యొకని యవమానమును తొలఁగించుటకై వేఱొకవృత్తివారి నవమానించుచున్నది. మూలకథకు అట్టి యవసరము కలుగలేదు. అందు బాలుఁడు తన్ను నొప్పించినవానినే తోడు తీసికొనిపోయి, గెలిచి, వానితోనే యాశ్రమమునకు తిరిగివచ్చెను. బడిలో నేడ్చుచున్న బాలునికి చెప్పవలసినది యీ కథ. వానిని ఏడిపించిన బాలునికిని చెప్పవలసినది యిదియే.