గాంధీ దాకా పోకుండా

ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌ను ఇప్పటికీ చాలామంది వడ్డెర బస్తీ అనే పిలుస్తారు. నేను ఆ బస్తీవాణ్ణి. మా నాయన రాళ్లు కొట్టి మమ్మల్ని సాకాడు.

రాతిపనిలో దెబ్బ తగలని రోజుండదు. సుత్తె జారి వేలు చితికితే మా అమ్మ నల్లాలం పసరు పిండి, పసుపద్ది, పాత చీరపేలికతో కట్టు కట్టేది. కంట్లో రాతి పలుకు పడితే మెహదీపట్నం సరోజినీ దేవి కంటి దవాఖానకు పోవాలి. జ్వరం ముదిరితే నల్లకుంట కోరంటి దవాఖాన. పెద్ద రోగమైతే గాంధీ ఆసుపత్రి. అదప్పుడు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరుండేది, 2003లో ముషీరాబాద్‌కు మారింది. ఎక్కడికి పోయినా ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే చిన్న దెబ్బ చీము పట్టేదాకా ఓర్చుకునేవాళ్లు.

నిజానికి మా చుట్టూ దవాఖానలకు కొదవ లేదు. తార్నాకలో ఆర్టీసీ వాళ్లది, లాలాగూడలో రైల్వే వాళ్లది, క్యాంపస్‌లో యూనివర్సిటీ వాళ్లది. అవన్నీ ఉద్యోగులు, విద్యార్థుల కోసం కట్టినవి. అడ్డా మీద నిలబడే కూలీకి కార్డు ఎవరిస్తారు? అతనికి దిక్కు గల్లీలోని ఆర్‌ఎంపీ, ఆయన వేసే సూది.

పేదల గడపకు వైద్యం రావాలన్న మాట కొత్తది కాదు. భోర్ కమిటీ 1946లోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు పెట్టమంది. కానీ ఆ ఆలోచన ఎక్కువగా ఊళ్ల చుట్టూనే తిరిగింది. పట్నంలో పెద్దాసుపత్రులున్నాయి కదా అని బస్తీలను వదిలేశారు. మురికివాడల్లో హెల్త్ పోస్టులు పెట్టాలని 1983లో కృష్ణన్ కమిటీ చెప్పింది. 1990లలో ప్రపంచ బ్యాంకు అప్పుతో హైదరాబాద్ బస్తీలకు ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. గర్భిణులకు, పసిపిల్లల టీకాలకు అవి ఎంతో మేలు చేశాయి. బీపీ, షుగర్ ఉన్న మగవాళ్లు, ముసలివాళ్లు మాత్రం వాటి లెక్కలోకి పెద్దగా రాలేదు. 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ 50 వేల జనాభాకు ఒక కేంద్రం అంది.

2018 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో బస్తీ దవాఖానలు మొదలయ్యాయి. ఢిల్లీ మొహల్లా క్లినిక్‌లు అంతకు ముందే దారి చూపాయి. ఐదు వేల నుంచి పది వేల మందికి ఒక బస్తీ దవాఖాన. అందులో ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకుడు. నెత్తురు అక్కడే తీసుకుని పరీక్షకు పంపుతారు. గాయం కడిగి కట్టు కడతారు, గోలీలు ఊరికే ఇస్తారు.

దూరం తగ్గితే ఏమవుతుందో బీపీ మనిషిని చూస్తే తెలుస్తుంది. బీపీకి నొప్పి ఉండదు. నొప్పి లేనిదానికి కూలి పోగొట్టుకుని ఎవరూ గాంధీ దాకా పోరు. గోలీలు అయిపోతే మానేస్తారు. ఒకనాడు చెయ్యీ కాలూ పడిపోతాయి. మా నాయన అట్లాగే మంచాన పడ్డాడు. నెలనెలా పట్టీ కట్టి బీపీ చూసి గోలీలిచ్చే మనిషి నడిచిపోయేంత దగ్గర్లో ఉంటే, ఇంకొన్నేళ్లు తన కాళ్ల మీద తిరిగేవాడని నా నమ్మకం.

బస్తీ దవాఖాన పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా అని పెట్టారు. పొద్దున్నే అడ్డాకు పోయిన కూలీ ఇల్లు చేరేది చీకటి పడ్డాకే. అందుకే సర్కారుకు నా అర్జీ: రాత్రి 8 దాకా తలుపు తెరిచి ఉంచండి, డాక్టరు కుర్చీ ఖాళీగా ఉండనివ్వకండి, బీపీ, షుగర్ గోలీలు ఏ నెలా తక్కువ పడనివ్వకండి.