నీళ్ల పొయ్యి నుంచి గ్యాసు గీజరు దాకా



క్రిందటి మార్గశిరంలో మా ఇంట్లో గ్యాసు గీజరు మార్చవలసి వచ్చింది. అది చెడిపోయిందనుకునేరు. నీళ్లు భేషుగ్గా కాగుతూనే ఉన్నాయి. మా కోడలు తలంటి పోసుకుంటానని వెళ్లి తలుపు వేసుకుంది. ఎంతకీ రాదు. పిలిస్తే పలకదు. గడియ విరగ్గొట్టి చూద్దుము కదా, పీటమీదే గోడకి చేరగిలబడి ఉంది. ఎత్తుకొచ్చి వరండాలో పడుకోబెట్టాం. ఆసుపత్రిలో ప్రాణవాయువు పెడితే సాయంత్రానికి తేరుకుంది. డాక్టరుగారు, "ఇంకో పది నిమిషాలు గనక అయితే..." అని ఊరుకున్నారు.

అప్పట్నుంచీ నాకీ గీజరు పుట్టుపూర్వోత్తరాలమీద పట్టుదల పుట్టింది.

గీజరన్న మాట ఐస్‌లాండు ద్వీపంనుంచి వచ్చింది. అక్కడ నేలలోంచి ఎగజిమ్మే ఒక వేడినీటి బుగ్గ పేరది. దాన్ని 1868లో లండనులో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన తను కనిపెట్టిన యంత్రానికి పెట్టుకున్నాడు. వృత్తిరీత్యా పెయింటరు. అంతకుముందు ఆ ఊళ్లో కలవారిళ్లలో స్నానమంటే, కింద వంటింట్లో కాగిన నీళ్లని పనిమనుషులు డబ్బాలతో మేడమెట్లెక్కించి తొట్టిలో పొయ్యాలి. మొయ్యడం ఆడవాళ్ల వంతు, మునగడం అయ్యగారి వంతు! అక్కడా అంతేనన్నమాట.

మాన్‌గారి యంత్రంలో కింద గ్యాసు మండుతుంటే, పైనుంచి దిగే చన్నీళ్లు ఆ వేడిగాలి తగిలి కాగుతూ వచ్చేవి. మంట ఎప్పుడు కావాలంటే అప్పుడు. ఆ రోజులకది అద్భుతమే. కాని దానికి పొగగొట్టం లేదు. మండిన గాలి ఎక్కడికి పోవాలి? స్నానాలగదిలోకే. కనిపెట్టినాయన తెలివికి వంక పెట్టను గాని, ఒక్క గొట్టం గురించి ఆలోచించి ఉంటే బాగుండేది.

తరవాత నార్వేనుంచి అమెరికా వెళ్లిన ఎడ్విన్ రూడ్ అనే ఇంజనీరు 1889లో పిట్స్‌బర్గులో తనంతట తానే వెలిగి ఆరే హీటరు తయారుచేశాడు. జర్మనీలో హ్యూగో యుంకర్స్ 1895లో డెస్సౌ పట్నంలో గ్యాసు హీటర్ల కంపెనీ పెట్టాడు. 1915లో పూర్తిగా లోహంతో విమానం చేసి ఎగరేసినవాడూ ఈయనే. నీళ్లు కాచుకునే డబ్బాకీ ఆకాశంలో విమానానికీ చుట్టరికం ఉందంటే మా వారు నమ్మలేదు.

మరి మన సంగతి? పెరట్లో నీళ్లపొయ్యి, దానిమీద మసిపట్టిన కాగు. భోగినాడు తెల్లవారకుండానే పుల్లలు ఎగదోస్తూ ఊదేది అమ్మో అమ్మమ్మో. కళ్లమ్మట నీళ్లు, గొంతులో దగ్గు. తరవాత రాగి బాయిలరు వచ్చింది. చుట్టూ నీళ్లు, నడుమ గొట్టంలో బొగ్గులు, కొబ్బరి డొక్కలు. ఆ గొట్టమే పొగ పైకి పోవడానికి దారి. పైగా అది ఉండేది పెరట్లోనో వసారాలోనో. గదిలో తలుపులు బిగించుకుని దానిపక్కన కూచున్నవాళ్లెవరూ మా ఇంట్లో లేరు.

వంటగ్యాసు మన దేశంలో 1955లో బొంబాయిలో మొదలైంది. ఇండేన్ వాళ్ల మొదటి కనెక్షను 1965లో కలకత్తాలో ఇచ్చారు. పొగ వదిలిందని మా తరంవాళ్లం పండగ చేసుకున్నాం. ఆ వెనక ఎప్పటికో ఈ చిన్న గీజర్లొచ్చాయి. కుళాయి తిప్పగానే నీటి ఒత్తిడికి లోపలి పొర కదిలి గ్యాసుకి దారి ఇస్తుంది. రెండు టార్చిలైటు బ్యాటరీల నిప్పురవ్వ అంటిస్తుంది. పొగ కనిపించదు గనక పొగే లేదనుకున్నాం.

అక్కడే ఉంది మోసం. గదిలో గాలి చాలకపోతే గ్యాసు సరిగా మండక కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండరు గ్యాసుకైతే లీకు తెలియడానికని వాసన కలుపుతారు. దీనికి కలిపేదెవరు? పీలిస్తే అది ప్రాణవాయువుకన్నా 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తూలు, మగత. చలికాలమని కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టింది నేనే. ఆ మాట కోడలికి చెప్పడానికి నాకు వారం పట్టింది.

కొత్తది బిగించడానికొచ్చిన అబ్బాయి, "అమ్మగారూ, పాతది తీసి అక్కడే పెట్టెయ్యమంటే పెట్టను. బయట పెడతానంటేనే ముట్టుకుంటా" అన్నాడు. గొట్టాలకి అదనంగా ఖర్చవుతుందని మా వారు గొణిగారు. కోడలు ఆయనకేసి చూసింది, అంతే. ఇప్పుడది పెరటి వరండా గోడకి, వానజల్లు పడకుండా చూరు కింద ఉంది. సరిగ్గా మా అత్తగారి నీళ్లపొయ్యి ఉండిన చోటు. గొట్టం పొడుగైంది గనక మొదట ఓ చెంబెడు చన్నీళ్లు వస్తాయి. అవి తులసికోటకి పోస్తున్నాం.