ఎల్సాగా నటించిన సింహాలు

తెర మీద కనిపించే ఎల్సా ఒక్కతే. ఆ ఒక్క ఆడసింహం కథ తీయడానికి ఇరవైకి పైగా సింహాలు పనిచేశాయి. కూన వయసుకు కొన్ని, ఎదిగే వయసుకు కొన్ని, నిండుగా ఎదిగాక ఇంకొన్ని. 1966లో విడుదలైన ‘బార్న్ ఫ్రీ’ చివర్లో ఎల్సా తన మూడు పిల్లల్నీ వెంటబెట్టుకుని పెంచినవాళ్ల దగ్గరికి వస్తుంది. చూసినవాళ్లకు గొంతు పట్టేసేది అక్కడే. బోనులో మగ్గాల్సిన జంతువు అడవిలో హాయిగా బతుకుతోందన్న తృప్తితో జనం ఇళ్లకు వెళ్లారు. వాళ్లకు ఆ తృప్తినిచ్చిన సింహాల్లో చాలావాటిని మాత్రం షూటింగ్ ముగిశాక జూలకు పంపేశారు. ఈ సినిమా చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఆ సింహాల సంగతే. అయితే అక్కడికి చేరాలంటే అసలు ఎల్సా ఎవరో ముందు తెలియాలి.

1956 ఫిబ్రవరి 1. కెన్యా అప్పటికింకా బ్రిటిష్ వలస. ఉత్తర సరిహద్దు జిల్లాకు జార్జ్ ఆడమ్సన్ సీనియర్ గేమ్ వార్డెన్. దొంగవేటగాళ్ల నుంచి వన్యప్రాణుల్ని కాపాడటం, మనుషుల మీదికి వచ్చే జంతువుల సంగతి చూడటం, రెండూ ఆయన ఉద్యోగంలో భాగమే. ఈ జార్జ్ పుట్టింది మన దేశంలో. 1906లో ఇటావాలో పుట్టి, ఇంగ్లాండ్‌లో చదువుకుని, తండ్రి కాఫీ తోటలో పనిచేయడానికి 1924లో కెన్యా వెళ్లారు. ఆ ఇటావాలో ఇప్పుడు సింహాల కోసం పెద్ద సఫారీ పార్కు ఉందని తెలిసినప్పుడు, జార్జ్ బతికుంటే ఎంత సంతోషించేవారో అనుకున్నాను.

బోరాన్ తెగ మనిషినొకణ్ని సింహం చంపిందన్న కబురుతో జార్జ్, తోటి అధికారి ఒకరు దాని జాడ తీస్తూ వెళ్లారు. ఉన్నట్టుండి ఒక ఆడసింహం వాళ్ల మీదికి వచ్చింది. కాల్చక తప్పలేదు. అది పాలిచ్చే తల్లి అని చచ్చాక గాని తెలియలేదు. వాళ్లు తన పిల్లలున్న చోటికి వచ్చారు కాబట్టే మీదపడింది. దగ్గర్లోని రాతి పగులులో మూడు కూనలు దొరికాయి. ఎల్సా కథకు మొదలు ఈ తూటా. తర్వాత జార్జ్ సింహాల కోసం చేసిన ప్రతి పని వెనకా నాకు ఈ రోజే కనిపిస్తుంది. ఆయనకూ అలాగే ఉండేదని నేను చెప్పలేను గాని, తల్లిని చంపిన మనిషి ఆ తర్వాత ముప్పై మూడేళ్లు సింహాలతోనే గడపడం ఊరికే జరిగిందనుకోను.

కూనల్ని ఇసియోలోలోని ఇంటికి తెచ్చారు. జార్జ్ భార్య జాయ్‌ది ఆస్ట్రియా. పుట్టిన ఊరు అప్పట్లో ట్రోపావ్, ఇప్పుడది చెక్ దేశంలోని ఒపావా. కెన్యా మొక్కల్నీ, అక్కడి తెగల మనుషుల్నీ బొమ్మలుగా గీసిన చిత్రకారిణి ఆమె. ఇంట్లో అప్పటికే పాటి అనే హైరాక్స్ ఉంది. రాళ్ల సందుల్లో బతికే, కుందేలంత ఉండే జంతువది. తనకంటే ఎన్నో రెట్లు పెరగబోయే కూనలకు అదే దాదిగా మారి, చెంతనే ఉండి కాపు కాసింది. పాలపొడిలో కాడ్‌లివర్ నూనె, గ్లూకోజు కలిపి సీసాతో పట్టేవారు. మూడు సింహాల్ని ఇంట్లో ఉంచుకోవడం కుదరని పని కాబట్టి పెద్దవి రెండింటినీ హాలండ్‌లోని రోటర్‌డ్యామ్ జూకి పంపారు. అన్నిటికంటే చిన్నది, బక్కది మిగిలింది. అదే ఎల్సా. జాయ్ బొటనవేలు చప్పరిస్తూ నిద్రపోయేది. కాస్త పెరిగాక ల్యాండ్‌రోవర్ కప్పు దానికి మంచమైంది. వాళ్లు ఎక్కడికి ప్రయాణమైతే అక్కడికి, చివరికి హిందూ మహాసముద్రం ఒడ్డుకు కూడా, వెంట వెళ్లింది.

రెండేళ్లు దాటేసరికి ప్రశ్న ఎదురైంది: జూకి పంపడమా, అడవిలో వదలడమా? మనుషుల చేతుల్లో పెరిగిన సింహాన్ని అడవికి అలవాటు చేయడమంటే ఆ రోజుల్లో దాదాపు ఎవరూ తలపెట్టని పని. తల్లి పక్కన ఉంటే కూన చూసి నేర్చుకునే విద్యలేవీ ఎల్సాకు రావు. వేటాడటం రాదు, చంపడం రాదు, తోటి సింహం ఎదురుపడితే ఎలా మెలగాలో తెలియదు. జార్జ్ జంతువును కాల్చి గాయపరిచి వదిలితే, మిగతా పని ఎల్సా పూర్తిచేసేది. అలా ఒక్కొక్క మెట్టే. మొదట వదిలిన చోటు దానికి సరిపడక జబ్బుపడి చిక్కిపోయింది. వెనక్కి తెచ్చి నయం చేసి, మేరు ప్రాంతంలో ఊరా అనే ఏటి ఒడ్డున మళ్లీ ప్రయత్నించారు. అక్కడ నిలదొక్కుకుంది. అడవి సింహంతో జత కట్టింది. 1959 డిసెంబరులో మూడు పిల్లల్ని ఈనింది. కొన్ని వారాల తర్వాత వాటిని వెంటబెట్టుకుని జాయ్, జార్జ్‌ల శిబిరానికి వచ్చింది. సినిమాకు ముగింపుగా మారిన ఘట్టం ఇదే, నిజంగా జరిగిందే.

సినిమా చెప్పని సంగతి, ఆ తర్వాత ఎల్సా ఎన్నాళ్లో బతకలేదు. 1961 జనవరి 24న చనిపోయింది. గోమార్లు కుట్టడం వల్ల వచ్చే బబీసియోసిస్ అనే రక్తవ్యాధి. అప్పటికి దాని వయసు అయిదేళ్లే. తల్లి లేని పిల్లలు దగ్గర్లోని పశుపాలకుల మేకల మీద పడ్డాయి. ఒకదానికి బాణం కూడా తగిలింది. వాళ్ల బతుకు ఆ మందలే, కాబట్టి వాళ్ల కోపంలో న్యాయం లేదనలేం. మూడింటినీ పట్టి, పక్క దేశంలోని సెరెంగెటీకి తరలించారు.

జాయ్ రాసిన ‘బార్న్ ఫ్రీ’ పుస్తకం 1960లో లండన్‌లో వెలువడి విపరీతంగా అమ్ముడుపోయింది. ‘లివింగ్ ఫ్రీ’, ‘ఫరెవర్ ఫ్రీ’ దాని తర్వాతి భాగాలు. పుస్తకాల మీద వచ్చిన డబ్బును ఆమె వన్యప్రాణుల కోసమే వెచ్చించారు.

ఇక సినిమా. కెన్యా పర్వతం కింద నారో మోరు దగ్గర షూటింగు పెట్టుకున్నారు. దర్శకుడు జేమ్స్ హిల్. జాయ్‌గా వర్జీనియా మెకెన్నా, జార్జ్‌గా బిల్ ట్రావర్స్. ఇద్దరూ నిజజీవితంలోనూ భార్యాభర్తలు. స్క్రిప్టు పేరు దగ్గర జెరాల్డ్ ఎల్.సి. కోప్లీ అని పడుతుంది. ఆ పేరుగల మనిషి లేడు. రాసింది లెస్టర్ కోల్. కమ్యూనిస్టులన్న ముద్రతో జైలుకు పంపి, హాలీవుడ్ వెలివేసిన పదిమందిలో ఒకరు. స్వేచ్ఛ గురించి ఇంత పేరు తెచ్చుకున్న సినిమాను రాసిన మనిషికి అందులో తన పేరు వేసుకునే స్వేచ్ఛ లేకపోయింది. పదిహేనేళ్లకు పైగా గడిచినా ఆ వెలి తొలగలేదని గుర్తుచేసుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మొదట సర్కస్‌లో తర్ఫీదైన సింహాలను, వాటి శిక్షకులతో సహా రప్పించారు. రింగ్ మాస్టర్ చెప్పినట్టు స్టూలెక్కే సింహం వేరు, మనిషి ఒళ్లో తలపెట్టి పడుకునే సింహం వేరు. నటులకు వాటితో చనువు కుదరలేదు, నమ్మకమూ కలగలేదు. సలహాదారుగా వచ్చిన జార్జ్ దారి మార్చారు. కొరడా లేదు, బెదిరింపు లేదు. రోజూ సింహాలతో కలిసి మైదానంలో నడవడం, ఆడటం, వాటి మనసెరగడం. అవి చేయాలనుకున్నప్పుడే కెమెరా తిరగాలి. ఆ తొలి రోజుల్లోనే ఒక సింహం ఆటగా మీదికి దూకితే వర్జీనియా చీలమండ విరిగింది. నయమయ్యాక మళ్లీ వాటి మధ్యకే వెళ్లారు. ఈ సినిమాలో సింహాలూ మనుషులూ కలిసున్న దృశ్యాలు ఇప్పటికీ పాతబడకపోవడానికి కారణం ఈ పద్ధతే. ఆ చనువు కంప్యూటర్‌లో గీస్తే వచ్చేది కాదు.

ఆ సింహాలకూ పేర్లున్నాయి, వెనకటి కథలున్నాయి. బాయ్, గర్ల్ అన్నాచెల్లెళ్లు. కెన్యాలో ఉన్న స్కాట్స్ గార్డ్స్ పటాలం వాటిని మస్కట్‌లుగా పెంచుకుంది. పటాలం దేశం విడిచి వెళ్లేటప్పుడు అవి సినిమాకు వచ్చాయి. ఉగాస్ నైరోబీ అనాథ జంతువుల ఆశ్రమం నుంచి వచ్చింది. మారా అనే ఆడసింహం కూడా ఆ జట్టులోదే.

సినిమా పెద్ద విజయం. లండన్‌లో రాణి ఎలిజబెత్ హాజరైన ప్రత్యేక ప్రదర్శన జరిగింది. జాన్ బారీ సంగీతానికి రెండు ఆస్కార్లు వచ్చాయి, ఒకటి నేపథ్య సంగీతానికి, రెండోది పాటకు. ఇవన్నీ ఎక్కడైనా దొరికే సంగతులే.

షూటింగ్ ముగిశాక సింహాలను ఏం చేయాలన్న ప్రశ్నకు వచ్చిన జవాబే ఈ కథలో మలుపు. సినిమా సంస్థ చాలావాటిని జూలకూ సఫారీ పార్కులకూ ఇచ్చేసింది. ఆడమ్సన్‌లూ, నటులిద్దరూ ఎంత బతిమాలినా జార్జ్ చేతికి వచ్చినవి మూడే: బాయ్, గర్ల్, ఉగాస్. మారా ఇంగ్లాండ్‌లోని విప్‌స్నేడ్ జూకి వెళ్లింది. ఎల్సాను జూకి పంపకుండా ఆపడం కోసం ఒక జంట పడ్డ తపనే ఈ సినిమా కథ. అలాంటి సినిమాకు పనిచేసిన మారా జూకి వెళ్లడాన్ని ఏ లెక్కలతో సమర్థించినా నాకు మింగుడుపడదు. బిల్ ట్రావర్స్‌కూ పడలేదు. ఆయన ఆ సింహాలను వెతుక్కుంటూ వెళ్లి ‘ది లయన్స్ ఆర్ ఫ్రీ’ అనే డాక్యుమెంటరీ తీశారు.

జార్జ్ తనకు దక్కిన మూడింటినీ మేరుకు తీసుకెళ్లి ఎల్సా పాఠాలే మళ్లీ మొదలుపెట్టారు. ఇక్కడ ఆయన్ని ఒట్టి పుణ్యమూర్తిగా చూపించి ఊరుకోవడం సరికాదు. మనిషంటే భయం పోయిన సింహం అడవి సింహం కంటే ప్రమాదకరం. బాయ్ మేరులో వార్డెన్ బిడ్డను గాయపరిచింది. ఆ తర్వాత జార్జ్ కోరా అనే ముళ్లపొదల ప్రాంతానికి మారాల్సి వచ్చింది. 1971లో అదే బాయ్ అక్కడి సహాయకుడొకరిని చంపింది. జార్జ్ తన చేతులతోనే బాయ్‌ని కాల్చారు. ఆ సహాయకుడి కుటుంబం నుంచి చూస్తే ఈ ప్రయోగమంతా ఎలా కనిపిస్తుందో కూడా ఆలోచించాలి. సినిమాలోనూ పుస్తకాల ప్రచారంలోనూ ఆఫ్రికన్ల చోటు చాలా చిన్నది. జాడ తీసిన మకెడ్డే, ఎల్సాను చూసుకున్న నూరు లాంటివాళ్లు లేకపోతే ఆడమ్సన్‌లు ఆ అడవిలో ఒక అడుగు వేయలేరు. షూటింగ్ నాటికి కెన్యా స్వతంత్ర దేశం. అయినా సినిమా చూపు పాత దొరల బంగళా వరండా దాటలేదు. ఇది దాని లోపం, ప్రేమించేవాళ్లు కూడా ఒప్పుకోవాల్సిన లోపం.

కోరాకే 1970లో లండన్ నుంచి క్రిస్టియన్ వచ్చింది. హారడ్స్ దుకాణంలో అమ్మకానికి పెట్టిన ఆ కూనను ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్లు కొని, తాము పనిచేసే ఫర్నిచర్ షాపులో పెంచారు. ఆ షాపుకు బల్ల కొనడానికి వచ్చిన బిల్ ట్రావర్స్ దాన్ని చూసి జార్జ్ పేరు చెప్పారు. మరుసటి ఏడు ఆ యువకులు వెళ్తే సింహం గుర్తుపట్టి భుజాల మీద చేతులు వేసినట్టు ముందుకాళ్లు వేసిన దృశ్యం, ముప్పై ఏడేళ్లకు ఇంటర్నెట్‌లో లోకమంతా తిరిగింది. చూసినవాళ్లలో చాలామందికి దాని మూలం ‘బార్న్ ఫ్రీ’ అని తెలియదు.

నటులిద్దరి జీవితాన్ని పూర్తిగా తిప్పేసింది మాత్రం ఒక గున్న ఏనుగు. ‘యాన్ ఎలిఫెంట్ కాల్డ్ స్లోలీ’ అనే సినిమాలో వాళ్లతో నటించిన పోలె పోలె అప్పటికే లండన్ జూకి కెన్యా ప్రభుత్వ కానుకగా పట్టిన పిల్ల. తామే కొని అడవిలో వదులుతామని అడిగారు. దీన్ని ఇస్తే దాని బదులు ఇంకొకదాన్ని పట్టాల్సి వస్తుందన్నారు. ఇంకో పిల్లను తల్లి నుంచి విడదీయడానికి మనసొప్పక వదులుకున్నారు. 1983లో ఆ ఏనుగు జూలోనే చనిపోయింది. మరుసటి ఏడాది ఇద్దరూ కలిసి ‘జూ చెక్’ అనే సంస్థ పెట్టారు. దాని పేరే తర్వాత బార్న్ ఫ్రీ ఫౌండేషన్ అయింది. బిల్ 1994లో పోయాక వర్జీనియా ఆ పని వదల్లేదు. ఒక పాత్ర వేసిన నటి అరవై ఏళ్ల పాటు ఆ పాత్ర అడిగిన ప్రశ్నను మోయడం సినిమా చరిత్రలో అరుదు.

ఆడమ్సన్‌ల అంతం దారుణం. 1980 జనవరి 3న షాబాలో జాయ్‌ని హత్యచేశారు. ముందు సింహం చంపిందనుకున్నారు, చేసింది ఆమె పనిలోంచి తీసేసిన మనిషి. జార్జ్‌ను 1989 ఆగస్టు 20న కోరాలో బందిపోట్లు కాల్చి చంపారు. వాళ్ల చేతికి చిక్కిన అతిథిని కాపాడటానికి 83 ఏళ్ల వయసులో బండి తీసుకుని ఎదురువెళ్లారాయన. ఇద్దరికీ సింహాల వల్ల ప్రాణం పోలేదు.

మన దగ్గర సింహాల వంటి జంతువులతో సర్కసులో ఆటలాడించడాన్ని 1998లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది, 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని నిలబెట్టింది. అలా వచ్చిన జంతువుల కోసం ఏర్పాటైన రక్షణ కేంద్రాల్లో విశాఖపట్నం, తిరుపతి కూడా ఉన్నాయి. సర్కసు సింహాల్లో ఎక్కువ భాగం ఆసియా, ఆఫ్రికా జాతుల సంకరం. వాటిని గిర్ అడవిలో కలపడానికి వీల్లేదు, సంతానం కలగనివ్వడానికీ వీల్లేదు. వేట రాని వాటిని ఎక్కడా వదలలేరు. ఉన్నంతకాలం తిండి, నీడ, వైద్యం ఇచ్చి చూసుకోవడమే చేయగలిగింది. ఎల్సాకు దక్కిన అదృష్టం ఎంత అసాధారణమో ఆ కేంద్రాల గురించి చదివాకే నాకు సరిగ్గా అర్థమైంది.

సెలవుల్లో పిల్లలకు ‘బార్న్ ఫ్రీ’ చూపించాలనుకునే తల్లిదండ్రులకు ఒక్క మాట. తప్పకుండా చూపించండి, అంత మంచి సినిమా మళ్లీ రాలేదు. దాంతోపాటే, మర్నాడైనా సరే, ‘ది లయన్స్ ఆర్ ఫ్రీ’ కూడా చూపించండి. మొదటిదానిలో ఎల్సాను ప్రేమించిన పిల్లలు, రెండోదానిలో మారా పేరు కూడా తెలుసుకుంటారు.